ఫ్రెంచి పద్ధతిలో మధ్యాహ్న భోజనం



మన భాషలో హోటలంటే తినే చోటు. "హోటల్లో ఇడ్లీ తిన్నాం" అంటాం. బస చేసే చోటుని లాడ్జి అంటాం. బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా, షోలాపూరులో ఉన్నా తెలుగువాడి నోట ఈ మాటకి ఇదే అర్థం. ఫ్రెంచివాళ్ళకి అలా కాదు. వాళ్ళ 'ఒతెల్' మొదట్లో పెద్ద భవంతి, ప్రభువులు పట్టణంలో కట్టుకున్న మేడ. 'ఒతెల్ ద వీల్' అంటే పురపాలక భవనం. పుదుచ్చేరి బీచి రోడ్డు మీద 2014లో కూలిపోయి, మళ్ళీ పాత నమూనాలోనే లేచిన మేరీ భవనం ఆ లెక్కన ఒతెల్ ద వీలే. అక్కడ ఎవరూ భోజనం పెట్టరు.

ఈ మాటల తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రోజు మనం మాట్లాడుకునేది బస చేసే హోటలు లోపల ఉండే ఫ్రెంచి భోజనశాల గురించి. యానాం నుంచి పుదుచ్చేరికి సచివాలయంలో పని ఉండో, ఆసుపత్రికో, పిల్లల చదువులకో వెళ్ళనివారు తక్కువ. దారి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్ళాక సాయంత్రం తెల్లపేటలో నడుస్తారు. దూమా వీధి, సఫ్రెన్ వీధి, రోమా రోలాఁ వీధి. పసుపు గోడలు, తెల్లని అంచులు, గోడ మీదుగా వాలిన కాగితపు పూల తీగ. ఆ పాత ఇళ్ళలో కొన్ని ఇప్పుడు హోటళ్ళయ్యాయి. గుమ్మం బయట చిన్న బల్ల మీద ఆ పూట వంటల పట్టిక ఉంటుంది. మనవాళ్ళు అది చదువుతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ముందుకి నడుస్తారు. ఖర్చు ఒక్కటే కాదండీ కారణం. లోపలికి వెళ్తే ఏం అడగాలో తెలియక నలుగురిలో చిన్నబోతామేమో అన్న బెరుకు.

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. చట్టరీత్యా భారతదేశంలో కలిసింది 1962లో. రెండు శతాబ్దాల పైచిలుకు ఆ జెండా కింద ఉన్నా, మనలో ఎక్కువమంది ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళం కాదు. ఇప్పుడు ఆ బల్ల డబ్బిచ్చిన ఎవరికైనా వేస్తున్నారు. పిల్లవాడికి ఉద్యోగం వచ్చిన సందర్భంలోనో, పెళ్ళిరోజనో ఒక్కసారి వెళ్ళాలనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు తెలుసుకుని వెళ్తే మంచిదని ఈ ప్రసంగం.

ముందు 'రెస్టారెంటు' అన్న మాట సంగతి. ఫ్రెంచిలో దానికి 'తిరిగి బలం చేకూర్చేది' అని అర్థం. 18వ శతాబ్దంలో పారిస్‌లో నీరసించినవాళ్ళకి పట్టే మాంసపు రసానికి ఆ పేరు ఉండేది. మనింట్లో జ్వరం తగ్గినవాడికి మిరియాల చారు పోస్తామే, అలాంటిదన్నమాట. 1760వ దశకంలో ఆ రసం అమ్మే అంగళ్ళు వెలిశాయి. వాటిలో కొత్తదనం రసంలో లేదు, కూర్చోబెట్టిన తీరులో ఉంది. అంతకుముందు సత్రాల్లో ఒకటే పొడుగాటి బల్ల, ఒకటే వేళ, వండినదే అందరికీ. దాన్ని 'తాబ్ల్ దోత్' అనేవారు, అంటే ఇంటి యజమాని బల్ల. కొత్త అంగడిలో ఎవరి బల్ల వారిది, ఎవరి వేళ వారిది, పట్టిక చూసి ఎవరికి కావలసింది వారు అడగవచ్చు, ధర ముందే రాసి ఉంటుంది. 1789 విప్లవం వచ్చాక ప్రభువుల కొలువుల్లో వంటవాళ్ళు కొందరు పని పోయి బయటికి వచ్చారు. వాళ్ళ చేతి వంట ఊళ్ళోవాళ్ళకి అందుబాటులోకి వచ్చింది. విప్లవం ఒక్కదానివల్లే రెస్టారెంట్లు పుట్టాయని కొందరు చెప్పే మాట మాత్రం సరికాదు. అవి అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఉన్నాయి.

మరి హోటలు లోపలికి ఈ భోజనశాల ఎలా చేరింది? దీనికి ఇద్దరు మనుషుల పేర్లు చెప్పాలి. సెజార్ రిట్జ్ అనే స్విట్జర్లాండు దేశస్థుడు హోటళ్ళు నడపడంలో నేర్పరి. ఒగ్యూస్త్ ఎస్కోఫియే అనే ఫ్రెంచివాడు వంటలో దిట్ట. 1890లో వీళ్ళిద్దరూ లండన్‌లో సావోయ్ హోటలు బాధ్యత తీసుకున్నారు. 1898లో పారిస్‌లో రిట్జ్ హోటలు తెరిచారు. బస ఉన్న చోటే గొప్ప భోజనం కూడా ఉండాలి, ఇంటి ఆడవాళ్ళు కూడా మర్యాదగా వచ్చి కూర్చునేలా ఉండాలి అన్న పద్ధతి వీళ్ళ కాలంలోనే స్థిరపడింది. వంటింట్లో పని విభజన కూడా ఎస్కోఫియే చేసిన ఏర్పాటే. పులుసులకు ఒకడు, చేపకి ఒకడు, కాల్చేవాటికి ఒకడు, తీపికి ఒకడు, అందరి మీదా ఒక పెద్ద. కొంత పటాలం లెక్క. ఇవాళ మన హోటల్ మేనేజిమెంటు కాలేజీల్లో పిల్లలు నేర్చుకునే వరసకి పునాది ఇదే. 1903లో ఆయన ప్రచురించిన వంటల గ్రంథం ఇప్పటికీ వాళ్ళకి ప్రమాణం. మీ ఇంట్లో ఆ చదువు చదివే పిల్లలుంటే అడిగి చూడండి, ఎస్కోఫియే పేరు చెప్పకుండా ఉండరు.

ఇక భోజనానికి వెళ్దాం. మధ్యాహ్నమే వెళ్ళమని నా సలహా. రాత్రి కంటే మధ్యాహ్నం చాలా చోట్ల తక్కువ ధరకి ఒక నిర్ణీత భోజనం ఉంటుంది. వెలుతురు ఉంటుంది గనక పట్టిక చదువుకోవచ్చు, రాత్రి కొవ్వొత్తి వెలుగులో ఆ సన్నని అక్షరాలు కళ్ళజోడున్నా కనపడవు. అయితే వేళ ముఖ్యం. ఫ్రెంచివాళ్ళకి మధ్యాహ్న భోజనం పన్నెండు, రెండు గంటల మధ్య. పుదుచ్చేరిలో కొంచెం అటూ ఇటూగా నడిపినా, మన మీల్స్ హోటల్లో లాగా మూడున్నరకి వెళ్ళి కూర్చుంటే వంటిల్లు మూసేశామంటారు. ముందురోజు ఫోను చేసి ఎంతమంది వస్తారో, శాకాహారులు ఎందరో చెప్పండి. ఇంకొక మాట, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. బస్సుకో రైలుకో టిక్కెట్టు జేబులో పెట్టుకుని వెళ్ళకండి.

మధ్యాహ్న భోజనాన్ని వాళ్ళు 'దెజునే' అంటారు. విడదీస్తే ఉపవాసం విడవడం అని అర్థం. నిజానికి అది పొద్దుటి ఫలహారం పేరు. పారిస్‌లో పెద్దింటివాళ్ళ రాత్రి భోజనం పొద్దుపోయేదాకా జరుగుతూ పోయేసరికి, ఈ దెజునే కూడా మధ్యాహ్నానికి జరిగింది. పొద్దుటి కాఫీకి 'చిన్న దెజునే' అని ఇంకో పేరు పెట్టుకోవలసి వచ్చింది.

ఇక్కడ అందరూ తికమకపడే మాట ఒకటి ఉంది. 'మెనూ'. మనం మెనూ అంటే పదార్థాల పట్టిక అనుకుంటాం. ఫ్రెంచివాడికి పట్టిక పేరు 'కార్త్'. 'మెనూ' అంటే ఒకే ధరకి వరసగా ఇచ్చే భోజనం. మన భాషలో చెప్పాలంటే మెనూ అనేది ఫుల్ మీల్స్ టిక్కెట్టు. 'ఆ లా కార్త్' అంటే అట్టు ఇంత, వడ ఇంత అని విడివిడిగా తెప్పించుకోవడం. విడిగా తెప్పించుకుంటే ఖర్చు దాదాపు ఎప్పుడూ ఎక్కువే. మొదటిసారి వెళ్ళేవారు మెనూ ఉందా అని అడగడం మేలు. ఫలానా రోజు వంటకం, 'ప్లా ద్యు జూర్', అని ఒకటి ఉంటుంది. ఆ రోజు బజారులో దొరికిన దాన్ని బట్టి వండుతారు గనక అది తాజాగా ఉండే అవకాశం ఎక్కువ.

వరస చెబుతాను. మొదట వచ్చేది 'ఆంత్రే', అంటే ప్రవేశం. సూపు, సలాడు లాంటివి. తరువాత 'ప్లా', అసలు వంటకం. చివర 'దెసేర్', తీపి. పెద్ద భోజనమైతే ప్లాకీ తీపికీ నడుమ జున్ను, అంటే చీజు, పెడతారు. అమెరికావాళ్ళు ఆంత్రే అన్న మాటని అసలు వంటకానికే వాడతారు. మన దేశంలో కొన్ని హోటళ్ళు వాళ్ళని చూసి అలాగే రాస్తాయి. అందుకని ఆ మాట కనిపిస్తే, ఇది ముందు తినేదా, అసలు వంటకమా అని ఒకసారి అడగండి.

విచిత్రమేమిటంటే, ఒకదాని తరువాత ఒకటి తెచ్చే ఈ పద్ధతి ఫ్రెంచివాళ్ళది కానే కాదు. పూర్వం వాళ్ళు కూడా వంటకాలన్నీ బల్ల మీద ఒక్కసారే పరిచేవారు, మన విస్తట్లో పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ ఒకేసారి కనిపించినట్టు. అన్నీ కళ్ళకి నిండుగా ఉండేవి గానీ చల్లారిపోయేవి. 19వ శతాబ్దంలో రష్యావాళ్ళ అలవాటు చూసి, వేడివేడిగా ఒక్కొక్కటే తెచ్చే పద్ధతికి మారారు. దాని పేరు ఇప్పటికీ రష్యా వడ్డనే. కాబట్టి విస్తరి అలవాటున్న మనం వెనకబడినవాళ్ళమేమీ కాదు, వాళ్ళు ఒకప్పుడు చేసిందే మనం ఇంకా చేస్తున్నాం.

ఇప్పుడు మనవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఏది తినవచ్చు, ఏది తినకూడదు అన్నది. మాకు తెలిసిన ఒక పెద్దాయన, జన్మలో మాంసం ముట్టనివారు, ఒక పట్టణంలో ఇలాంటి చోటికి కొడుకుతో వెళ్ళారు. పట్టికలో మాంసం పేరు లేనిది చూసి ఉల్లిపాయ సూపు తెప్పించుకున్నారు. సగం తాగాక కొడుక్కి అనుమానం వచ్చి అడిగితే, అందులో పోసిన నీళ్ళు ఎముకలు మరిగించిన రసమని తేలింది. వడ్డించిన కుర్రాడు చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక. ఆ పెద్దాయన ఆ పూటే కాదు, మర్నాడు కూడా అన్నం ముట్టలేదు. తెలియక జరిగినదానికి దోషం లేదని ఇంట్లోవాళ్ళు ఎంత చెప్పినా ఆయన మనసు సమాధానపడలేదు.

కాబట్టి ఇది జాగ్రత్తగా వినండి. ఫ్రెంచి వంటకి ప్రాణం 'ఫోఁ' అనే రసం. గొడ్డు ఎముకలతోనో, కోడి ఎముకలతోనో, చేప ముళ్ళతోనో మరిగిస్తారు. సూపుల్లో, పులుసుల్లో అది ఉంటుంది, పేరులో మాత్రం కనిపించదు. ఉల్లిపాయ సూపు పాత పద్ధతిలో గొడ్డు మాంసపు రసంతోనే చేస్తారు. 'కీష్ లొరేన్' అనే కోడిగుడ్డు పిండివంటలో పంది మాంసపు ముక్కలుంటాయి. నీస్ పట్టణపు సలాడులో చేప ఉంటుంది. చివర తీపిలో కూడా, వణుకుతూ ఉండే మూస్ లాంటి కొన్నిటిలో జెలటిన్ వేస్తారు, అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. క్రేమ్ కారమెల్, క్రేమ్ బ్రూలే రెండిట్లోనూ గుడ్డు ఉంటుంది. ఫ్రాన్సు నుంచి వచ్చే జున్నుల్లో చాలావాటిని దూడ పొట్టలో దొరికే రెన్నెట్‌తో తోడుపెడతారు.

అయితే శాకాహారికి అక్కడ ఏమీ లేదా అంటే, ఉంది. 'రాతాతుయ్' అనేది వంకాయ, గుమ్మడి జాతికి చెందిన జుకిని, బెంగళూరు మిరప, టమాటా, ఉల్లి కలిపి ఆలివు నూనెలో మెల్లగా మగ్గించిన కూర. నీస్ ప్రాంతంలో పేదవాళ్ళ వంట. మన కలగూరకి దగ్గరి చుట్టం. బంగాళాదుంప చక్రాలని పాలతో, మీగడతో పొయ్యిలో కాల్చే 'గ్రాతెఁ దొఫినువా' ఇంకొకటి. పుట్టగొడుగులతో చేసేవి కొన్ని. గుడ్డు తినేవారికి ఆమ్లెట్టు ఉండనే ఉంది, ఆ ఆమ్లెట్టు బాగా చేయడమే వంటవాడికి పరీక్ష అంటారు. ఏది తెప్పించినా అడగవలసిన ప్రశ్న ఒకటే: "బాబూ, ఇందులో పోసిన రసం దేనిది?" మాంసం ఉందా అని అడిగితే లేదంటాడు, ముక్క లేదు గనక. రసం దేనిదని అడిగితే లోపలికి వెళ్ళి కనుక్కుని వస్తాడు.

మాంసాహారులకి కూడా కొన్ని మాటలు తెలిసి ఉండాలి. 'పూలే' కోడి, 'కనార్' బాతు, 'అన్యో' గొర్రెపిల్ల, 'క్రెవెత్' రొయ్యలు. 'బఫ్' అని వినిపిస్తే గొడ్డు మాంసం. 'పోర్', 'జాంబోఁ', 'లార్దోఁ' ఈ మూడూ పందివి. ముస్లిం సోదరులు, గొడ్డు మాంసం ముట్టని హిందువులు ఈ మాటలు గుర్తుంచుకోవాలి. చేపని 'పువాసోఁ' అంటారు. ఇంగ్లీషులో విషానికి ఒక్క ఎస్ తక్కువ, భయపడకండి. మాంసాన్ని ఎంత కాల్చాలో అడుగుతారు. ఫ్రెంచివాడు మధ్యలో ఎర్రగా ఉండగానే తింటాడు. 'బియెఁ క్యుయీ', అంటే బాగా ఉడికింది కావాలని మీరు చెప్పవచ్చు. వంటవాడు లోపల మొహం చిట్లించుకున్నా మనకేం.

వంటలో పోసే ద్రాక్షసారా గురించి కూడా అడుగుతారు. 'కోక్ ఓ వెఁ' అంటే సారాలో ఉడికిన కోడి. ఉడికితే మత్తంతా ఆవిరైపోతుందని చెబుతారు గానీ, పూర్తిగా పోదు. వద్దనుకునేవారు ముందే చెప్పాలి. తాగడానికి సారా తెప్పించుకోవడం తప్పనిసరి అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నిమ్మసోడా తాగినవాడికి మర్యాద తక్కువ జరగదు. నీళ్ళు అడిగితే సీసా తెస్తారు, దానికి విడిగా ధర పడుతుంది. మామూలు నీళ్ళు కావాలంటే ఆ మాటే చెప్పండి.

చెంచాలు, కత్తుల సంగతి అందరూ పెద్దది చేస్తారు గానీ అది చిన్న విషయం. పళ్ళేనికి బయటివైపు ఉన్నవి మొదటి వంటకానికి, ఒక్కొక్కటీ అయిపోయిన కొద్దీ లోపలివైపుకి రావాలి. తినడం అయిపోతే కత్తి, ముల్లుచెంచా పక్కపక్కన పెడితే పళ్ళెం తీసేస్తారు. గుడ్డ ఒళ్ళో వేసుకోవాలి. అంతే. రొట్టె దగ్గర మాత్రం మనది పైచేయి. దాన్ని కత్తితో కోయకూడదు, చేత్తో తుంచుకు తినాలి. చేత్తో తుంచడం మనకి ఎవరూ నేర్పనక్కరలేదు గదా! ఫ్రాన్సులో ఆ రొట్టె ముక్క పళ్ళెం పక్కన బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు. ఇళ్ళలో అయితే పళ్ళెంలో మిగిలిన పులుసుని దానితో తుడిచి తింటారు. ఆ పొడుగాటి బగెత్ రొట్టెని తయారుచేసే విద్యని యునెస్కో 2022లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకుముందే 2010లో ఫ్రెంచివాళ్ళ భోజన విధానాన్నే చేర్చింది. వంటకాన్ని కాదు, గమనించండి. పుట్టినరోజుకో పెళ్ళికో నలుగురు ఒక బల్ల చుట్టూ కూడి, తీరిగ్గా, వరసగా తినే ఆచారాన్ని.

రుచి మాట. మొదటి ముద్దకే చప్పగా ఉందని మనవాళ్ళు ఉప్పు, మిరియాలు గుప్పిస్తారు. కాస్త ఆగండి. కారం లేని చోట వెన్న, మీగడ, ఆకుల వాసన నెమ్మదిగా తెలుస్తాయి. మన నాలుక కారం కోసం ఎదురుచూస్తూ వాటిని దాటవేస్తుంది. నాలుగు ముద్దల తరువాత కూడా నచ్చకపోతే అప్పుడు మిరియాలు వేసుకోండి. ఆవకాయ లేదా అని అడిగినా తప్పు లేదు, ఉండదు, అంతే. పుదుచ్చేరిలో కొన్ని చోట్ల క్రెయోల్ వంటలని ఇంకో తరహా ఉంటుంది. ఫ్రెంచి ఇళ్ళలో మన దేశపు వంటవాళ్ళ చేతుల్లో పుట్టిన కలగలుపు, మసాలా తెలిసినది. ఇంటిల్లిపాదీ వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి అది తెప్పిస్తే ఇబ్బంది ఉండదు.

కాఫీ భోజనంతో పాటు రాదు. తీపి కూడా తినేశాక, చిన్న కప్పులో, పాలు లేకుండా, చిక్కగా వస్తుంది. పాలు కావాలంటే అడగాలి.

ఇక బిల్లు. మన మీల్స్ హోటల్లో చెయ్యి కడుక్కునేలోపలే బిల్లు బల్ల మీద ఉంటుంది, వెనక ఇంకొకరు కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటారు. ఫ్రెంచి పద్ధతిలో మీరు అడిగేదాకా బిల్లు తేరు. తేవడం అంటే వెళ్ళమనడమేనని వాళ్ళ లెక్క. ఎవరూ పట్టించుకోవట్లేదని కోపం తెచ్చుకోకుండా, కళ్ళు కలిపి చిన్నగా చెయ్యి ఎత్తండి. వచ్చాక వరస వరసా చదవండి, సిగ్గుపడకండి. ఫ్రాన్సులో 1987 నుంచి పట్టికలో రాసిన ధరలోనే పన్ను, సేవా రుసుము కలిసి ఉండాలన్న నియమం ఉంది. మన దగ్గర జీఎస్టీ చాలాసార్లు పైన పడుతుంది. మామూలు భోజనశాలలో 5 శాతం. గది అద్దె రోజుకి 7500 రూపాయలు దాటే హోటలు లోపలి భోజనశాలలో అయితే 18 శాతం. వెయ్యి రూపాయల భోజనానికి నూట ఎనభై అదనమన్నమాట. పట్టిక చూస్తున్నప్పుడే ఈ లెక్క వేసుకోండి, ధరలు పన్నుతో కలిపా, విడిగానా అని అడగండి.

దాని కింద సర్వీసు చార్జి అని ఇంకో వరస ఉండవచ్చు. అది పన్ను కాదు. బిల్లులో దాన్ని దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఉంటే తీసెయ్యమని నెమ్మదిగా చెప్పండి. వడ్డించినవాడి పని నచ్చితే, ఆ ఇచ్చేదేదో అతని చేతికే ఇవ్వవచ్చు.